ఏడేళ్ల బాబు ఇంకా పక్క తడుపుతున్నాడు, ఏం చేయాలి?

గుంటూరు_అమ్మ:
మా బాబు రెండో తరగతి. పగలు ఏ ఇబ్బందీ లేదు, రాత్రి మాత్రం వారంలో మూడు నాలుగుసార్లు పక్క తడిపేస్తాడు, చిన్నప్పటి నుంచీ ఇంతే. మధ్యరాత్రి లేపి బాత్‌రూమ్‌కి తీసుకెళ్తే కళ్లు మూసుకునే పోసి వచ్చి పడుకుంటాడు, తెల్లారి అడిగితే గుర్తే ఉండదు. ఊళ్లో ఒకావిడ వాత పెడితే మానేస్తాడంది, వినగానే ఒళ్లు మండింది. ఇప్పుడు సెలవులకి తాతయ్య వాళ్లింటికి రానంటున్నాడు, పిన్ని పిల్లలు చూస్తారని. డాక్టర్‌కి చూపించాలా, దానంతటదే తగ్గుతుందా?

రవి_ఖమ్మం:
ముందు మీ ఆయన చిన్నప్పుడు ఎలా ఉండేవారో మీ అత్తగారిని అడగండి. ఇది చాలావరకు వంశపారంపర్యమండీ, అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం 40 శాతం దాకా, ఇద్దరికీ ఉంటే 70 శాతం పైనే.

పిల్లల_వార్డు_నర్స్:
అయిదేళ్లు దాటాకే దీన్ని సమస్యగా చూస్తాం. రాత్రిపూట మూత్రం తక్కువ తయారయ్యేలా చూసే హార్మోన్ కొందరు పిల్లల్లో సరిపడా రాదు, పైగా మూత్రాశయం నిండినా మెలకువ రాదు. వాడు కావాలని చేయట్లేదు, తిట్టినా కొట్టినా తగ్గదు. మలబద్ధకం ఉందేమో చూడండి, దీన్ని చాలామంది పట్టించుకోరు, పేగులో గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కేస్తుంది. నీళ్లు పగలు బాగా తాగించి సాయంత్రం నుంచి తగ్గించండి, టీ, కూల్‌డ్రింకులు వద్దు. విపరీతమైన దాహం, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం ఆ రోజే చూపించాలి, షుగర్ కావచ్చు. మూత్రంలో మంట, గురక, ఆర్నెల్లు బాగుండి మళ్లీ మొదలవడం, ఇవి ఉన్నా డాక్టర్‌కి చెప్పాలి.

పాప_వాళ్ల_నాన్న:
మేం అలారం వాడాం. డ్రాయర్‌కి చిన్న సెన్సర్ పెడతారు, తడి తగలగానే మోగుతుంది. మొదట్లో ఇంట్లో అందరూ లేస్తారు, పాప తప్ప! పక్కనే పడుకుని మీరే లేపాలి, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఊరెళ్లేటప్పుడు కావాలంటే డాక్టర్లు డెస్మోప్రెసిన్ అని, రాత్రి మూత్రం తక్కువ తయారయ్యేలా చేసే మాత్ర రాస్తారు, సొంతంగా మాత్రం కొనకండి, అది వేసిన రాత్రి నీళ్లు ఎక్కువ తాగితే రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు.

గుంటూరు_అమ్మ:
అత్తయ్యని అడిగాను, మా ఆయన అయిదో తరగతి దాకా తడిపేవారట! ఆయనే బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుని "నీ వయసులో నాకూ ఇంతేరా" అని చెప్పారు. వాడు "ఒట్టు?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. మలబద్ధకం కూడా ఉంది, రెండు మూడు రోజులకోసారి వెళ్తాడు, ఆ రెంటికీ సంబంధం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. సోమవారం పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. అన్నయ్యా, ఆ అలారం మందుల షాపులో దొరుకుతుందా, ఆన్‌లైన్‌లో కొన్నారా?