నల్లమల పక్కన పెరిగే పిల్లలకు ఆదివాసుల గురించి ఏ పుస్తకాలు ఇవ్వాలి?

ప్రశ్న: కర్నూలు నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయురాలు

అందరికీ నమస్కారం. నేను ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు తెలుగు బోధిస్తున్నాను. ఈ ఏడాది మా బడి గ్రంథాలయానికి ఆదివాసుల సంస్కృతి, చరిత్రలకు సంబంధించిన పుస్తకాలు కొనాలని నిర్ణయించుకున్నాము. పిల్లలకే కాక, నెలకొకసారి కూర్చొని చదువుకొనే మా ఉపాధ్యాయ బృందానికి కూడా పనికివచ్చేవి కావాలి. ఆత్మకూరు దాటి దోర్నాల వైపు వెళ్ళే దారిలోనే బైర్లూటి చెంచు గూడెం ఉన్నా, మా పిల్లల్లో చాలామందికి చెంచులంటే వార్షికోత్సవంలో ఆకులు కట్టుకొని, విల్లు పట్టుకొని గంతులు వేసే వేషం మాత్రమే తెలుసు. అదే తరగతిలో సుగాలి తండాల నుంచి, ఎరుకల కుటుంబాల నుంచి వచ్చే పిల్లలు కూర్చొని ఆ వేషాన్ని చూస్తుంటారు. వారు తల వంచుకోవలసిన అవసరం లేకుండా, మిగిలినవారితో కలిసి చదవగలిగే పుస్తకాలు ఏవో అనుభవమున్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: నంద్యాల నుంచి, విశ్రాంత గ్రంథపాలకుడు

అమ్మా, పెద్దల బృందానికి మొదట చెప్పవలసింది 1943లో వెలువడిన హైమండార్ఫ్ గారి చెంచుల గ్రంథం. ఆస్ట్రియాలో పుట్టిన ఈ మానవశాస్త్రవేత్త నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచు పెంటల్లో, అంటే వారి చిన్న గూడేల్లో ఉండి, వారు గడ్డలు తవ్వుకోవడం, తేనె తీయడం, పెళ్ళి సంబంధాలు, దేవతల కొలుపులు ఎంతో ఓపికగా నమోదు చేశారు. అయితే ఆయన ప్రధానంగా పరిశీలించింది కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్నవారిని. ఇవతల మన వైపు చెంచులు ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వం కింద, 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కట్టుబాట్ల నడుమ బతికారు. అందువల్ల ఆ పుస్తకంలోని ప్రతి మాటనూ మన బైర్లూటి, పెచ్చెరువు గూడేలకు అన్వయించడం సరికాదు. పైగా ఆ తరువాత చాలా జరిగింది: 1983లో నల్లమల పులుల అభయారణ్యమైంది, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 1943 దగ్గర ఆగిపోయిన పాఠకుడు, ఈ రోజు గూడెంలో రేషను కార్డు, పట్టా, బడి గురించి మాట్లాడుకొనే మనిషిని గుర్తుపట్టలేడు.

థర్‌స్టన్, రంగాచారి గార్లు 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం పాత గ్రంథాలయాల్లో దొరుకుతుంది. మద్రాసు మ్యూజియం అధికారిగా ఉన్న థర్‌స్టన్ మనుషుల తలలూ ముక్కులూ కొలిచి, ఆ కొలతలతో జాతులను వర్గీకరించాలని నమ్మినవాడు. పెద్దలు ఆ సంగతి తెలుసుకొని చదివితే ప్రయోజనం ఉంటుంది. పిల్లల అల్మారాలో మాత్రం దయచేసి పెట్టవద్దు.

జవాబు: గుత్తి నుంచి, సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు

మేడం గారూ, పై పెద్దలు చెంచుల గురించి చెప్పారు కనుక నేను మీ తరగతిలోని మిగిలిన పిల్లల సంగతి చెబుతాను. సుగాలీలు, లంబాడాలు అని కూడా పిలిచే బంజారాలు తమ గురువు సేవాలాల్ మహరాజ్ జన్మస్థలంగా కొలిచే సేవాగఢ్ మా గుత్తి దగ్గరే, గొల్లలదొడ్డి వద్ద ఉంది. అడవిలో ఉన్నవారే ఆదివాసులనే అభిప్రాయంతో పుస్తకాలు ఎంచితే, రాయలసీమలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా చేర్చిన ఈ సంచార వర్తకుల చరిత్ర పూర్తిగా తప్పిపోతుంది.

ఎరుకల వారి విషయంలో ఇది మరీ ముఖ్యం. మీనా రాధాకృష్ణ గారు 2001లో ఆంగ్లంలో ప్రచురించిన పరిశోధన గ్రంథం మద్రాసు రాష్ట్రంలోని కొరవల చరిత్రను చెబుతుంది. వారికీ మన ఎరుకలకూ దగ్గరి సంబంధం ఉంది. రైలు మార్గాలు, ప్రభుత్వ ఉప్పు విధానం కలిసి వారి వర్తకాన్ని ఎలా దెబ్బతీశాయో, బతుకుదెరువు పోయినవారి మీద పుట్టుకతోనే నేరస్థులనే ముద్ర ఎలా పడిందో అందులో వివరంగా ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది, 1952లో దేశవ్యాప్తంగా రద్దయింది. చట్టం పోయినా ముద్ర పోలేదని మనందరికీ తెలుసు. ఎక్కడ దొంగతనం జరిగినా మొదట ఎవరి గుడిసె తలుపు తడతారో చూస్తూనే ఉన్నాము. ఉపాధ్యాయులు ముందు ఇది చదవాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పిల్లవాడి ముందు నోరు జారేది ఎక్కువగా మనమే. లంబాడాల చరిత్రకు భంగ్యా భూక్యా గారు 2010లో ప్రచురించిన గ్రంథం ఉంది. అది నిజాం ప్రాంతానికి పరిమితమైనా, ఆ సమాజం నుంచే వచ్చిన చరిత్రకారుడు రాసినది కావడం వల్ల దాని చూపు వేరు.

జవాబు: కడప నుంచి, పిల్లల పుస్తకాల పాఠకురాలు

అక్కా, పెద్దల జాబితా బాగా వచ్చింది కానీ పిల్లలు పక్కకు వెళ్ళిపోయారు. ఆరో తరగతికి మహాశ్వేతా దేవి గారు శబర బాలిక మొయినా గురించి రాసిన బొమ్మల పుస్తకంతో మొదలుపెట్టండి. ప్రతిదానికీ ఎందుకని అడిగే ఆ పిల్ల, తానెందుకు మేకలు కాయాలని, భూస్వాములైన బాబుల ఇళ్ళల్లో మిగిలినది ఎందుకు తినాలని అడుగుతుంది. జాలి పుట్టించడానికి రాసిన కథ కాదు కనుక పిల్లలు ఆమెతో స్నేహం చేస్తారు. బొమ్మల కోసం చెన్నైలోని తారా బుక్స్ వారు 2006లో తెచ్చిన, రాత్రి వేళ చెట్ల జీవితాన్ని చూపే పుస్తకం తప్పక కొనండి. భజ్జూ శ్యామ్, దుర్గాబాయి, రామ్ సింగ్ ఉర్వేతి అనే ముగ్గురు గోండు చిత్రకారులు నల్లటి కాగితం మీద తమ కథల్లోని చెట్లను గీశారు. ఆదివాసులను గురించి ఎవరో గీసినది కాక, వారే గీసినది పిల్లల చేతిలో పెట్టడం ఎంతో అవసరం.

ఎనిమిదో తరగతివారికి అల్లం రాజయ్య, సాహు గార్ల కొమురం భీం నవలలో కొన్ని భాగాలు మీరే చదివి వినిపించండి. 1940లో జోడేఘాట్‌లో భీం మరణించిన తరువాత గోండుల తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం నియమించింది హైమండార్ఫ్ గారినేనని అప్పుడు చెబితే, పెద్దల పుస్తకం, పిల్లల పుస్తకం ఒకే చరిత్రలో కలుస్తాయి.

కొనే ముందు నేను చూసేది ఒక్కటే. అందులోని మనుషులకు పేరు, ఊరు, ఈ రోజు అనేవి ఉన్నాయా? ‘అడవిలో అమాయకులైన కొందరు ఉండేవారు’ అని మొదలైతే అక్కడే మూసేస్తాను.

ప్రశ్న వేసినవారు

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. జాబితా రాసుకున్నాను. ఒక సందేహం మిగిలింది. అహోబిలం చెంచులక్ష్మి కథ పిల్లలకు ఎలాగూ తెలుసు కాబట్టి చెంచుల గురించి వేరే పుస్తకం ఎందుకని మా సహోద్యోగి ఒకరు అడుగుతున్నారు.

జవాబు: ఆళ్ళగడ్డ నుంచి

ఆ కథను వదలవద్దు, కానీ దానితో ఆపవద్దు. కనుమ నాడు మొదలయ్యే అహోబిలం పారువేట ఉత్సవంలో నరసింహస్వామి పల్లకి నెల రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెల్లో తిరుగుతుంది. చెంచులు ఆ పల్లకి మీదికి బాణాలు వేసే ఆచారం ఉంది. స్వామి తమ ఇంటి అల్లుడని చెప్పుకొనే హక్కు అది. అయితే ఆ బాణం వేసిన మనిషి మరుసటి రోజు అడవిలో ఏ పని చేస్తాడో, అతని పిల్లలు ఏ బడికి వెళతారో పురాణ కథ చెప్పదు. చెంచుల ఇంటి భాష తెలుగే కనుక గూడెం పెద్దలను బడికి పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, వారి కథలూ పాటలూ పిల్లలు నేరుగా వినే ఏర్పాటు చేయవచ్చు. వారు ఒప్పుకున్నవాటినే రాసుకోండి. చెప్పినవారి పేరు వేయమంటారో వద్దంటారో ముందే అడిగి, రాసిన ప్రతి ఒకటి గూడెం బడికి ఇవ్వండి.