నాస్‌లో రెండు నెట్‌వర్క్ పోర్టులు: బాండింగ్ పెడితే 2 గిగాబిట్ వస్తుందా?

ప్రశ్న: నాస్‌లో (నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు దాచుకునే పెట్టెలో) రెండు 1 గిగాబిట్ పోర్టులున్నాయి. రెండింటినీ మామూలు అన్‌మేనేజ్డ్ (సెట్టింగులు లేని) స్విచ్‌కి కలిపి 192.168.1.20, 192.168.1.21 అని ఐపీలు ఇచ్చాను. విండోస్ పీసీకి పెద్ద ఫైలు కాపీ చేస్తే సెకనుకు 112 ఎంబీ దాటట్లేదు. బాండింగ్ చేస్తే, అంటే రెండు పోర్టులనూ ఒకటిగా జతచేస్తే, రెట్టింపు అవుతుందా?

జవాబు: అవదండీ. ఎల్ఏసీపీ (నాస్, స్విచ్ రెండూ మాట్లాడుకుని పోర్టులను జతచేసే పద్ధతి) బాండింగ్‌లో ఒక టీసీపీ కనెక్షన్, అంటే ఇక్కడ మీ ఒక్క కాపీ, మొత్తం ఒకే కేబుల్ మీద నడుస్తుంది. ఏ కనెక్షన్ ఏ కేబుల్‌లో పోవాలో మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు చిరునామా), ఐపీ, టీసీపీ పోర్టు నంబర్లతో లెక్కకట్టిన అంకె (హ్యాష్) నిర్ణయిస్తుంది. నలుగురు ఒకేసారి వాడితే లాభం కనిపించొచ్చు, ఒక్క కాపీకి మాత్రం ఉండదు. పైగా ఎల్ఏసీపీకి మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగల) స్విచ్ కావాలి, ఆ రెండు పోర్టులనూ అందులోనూ గ్రూప్ చెయ్యాలి. మీ స్విచ్‌తో ఒక్క పోర్టే పనిచేస్తుంది. ప్యాకెట్లను ఒకదాని తర్వాత ఒకటిగా రెండు కేబుళ్లకూ పంచే రౌండ్ రాబిన్ మోడ్ జోలికి వెళ్లకండి. ప్యాకెట్లు వరస తప్పి వస్తాయి, వేగం ఇంకా పడిపోవచ్చు. ఒక కేబుల్ ఊడినా నాస్ అందుబాటులో ఉండటమే మీకు కావలసిందైతే యాక్టివ్-బ్యాకప్ (ఒక పోర్టు పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉండే మోడ్) పెట్టండి, దానికి ఏ స్విచ్ అయినా సరిపోతుంది.

ఇంకో జవాబు: ముందు ఆ ఐపీలు మార్చండి. ఒకే సబ్‌నెట్‌లో (ఇక్కడ 192.168.1.x అనే ఒకే ఐపీల గుంపులో) రెండు పోర్టులుంటే నాస్‌లోని లినక్స్ సాధారణంగా ఒక పోర్టు నుంచే జవాబులు పంపుతుంది. ఒక పోర్టు ఐపీ గురించి వచ్చిన ఏఆర్‌పీ ప్రశ్నకు ("ఈ ఐపీ ఎవరిది?" అని నెట్‌వర్క్‌లో అడిగేది) రెండో పోర్టు కూడా బదులిస్తుంది. రెండో పోర్టు లైటు వెలుగుతున్నా అందులోంచి డేటా పోకపోవడానికి కారణం ఇదే.

ఒక్క కాపీకే వేగం కావాలంటే దారి ఎస్ఎంబీ మల్టీఛానెల్ (విండోస్ ఫైలు షేరింగ్ ఒక్క కాపీనే రెండు లింకుల మీద పంచడం). బాండ్ పెట్టి ఉంటే తీసేసి, మొదటి పోర్టును 192.168.1.20 దగ్గరే ఉంచి, రెండోదానికి 10.10.10.1 ఇచ్చి దాన్ని పీసీ రెండో పోర్టుకు నేరుగా కలపండి. పీసీ వైపు 10.10.10.2, రెండు చోట్లా మాస్క్ 255.255.255.0. ఈ లింకుకు గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే చిరునామా) ఖాళీగా వదలాలి. అక్కడ గేట్‌వే రాస్తే ఇంటర్నెట్ ట్రాఫిక్ అటు మళ్లి ఆగిపోవచ్చు, చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. సాంబా (నాస్‌లో ఎస్ఎంబీని నడిపే సాఫ్ట్‌వేర్) 4.15 నుంచి మల్టీఛానెల్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, అయినా నాస్ తయారీదారు ఆపేసి ఉండొచ్చు కాబట్టి ఎస్ఎంబీ సెట్టింగుల్లో చూడండి. కాపీ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో రెండు పోర్టుల గ్రాఫులూ లేస్తే పని అయినట్టే.

అడిగినవారు: పీసీలో ఒక్క 1 గిగాబిట్ పోర్టే ఉంది.

ఇంకో జవాబు: అయితే నాస్‌లో నాలుగు పోర్టులున్నా ఫలితం ఇదేనండీ, 112 అంటే ఆ పోర్టు నిండిపోయినట్టు. రెండో 1 గిగాబిట్ కార్డు కొనేకంటే, మీ నాస్ ఒప్పుకుంటే రెండు వైపులా 2.5 గిగాబిట్ అడాప్టర్లు పెట్టి నేరుగా కలపడం మేలని నా అభిప్రాయం. క్యాట్5ఈ కేబుల్ చాలు, 280 ఎంబీ దాకా వస్తుంది. యూఎస్‌బీ అడాప్టర్ అయితే 3.0 పోర్టులోనే పెట్టాలి. 2.0లో పెడితే 40 ఎంబీ దగ్గరే ఆగుతుంది.

కొనేముందు డిస్కు చూసుకోండి. ఒంటి హార్డ్ డిస్కు పెద్ద ఫైళ్లకు 150 నుంచి 250 ఎంబీ ఇస్తుంది, వేలకొద్దీ చిన్న ఫోటోలైతే అందులో కొద్ది భాగమే. నెట్‌వర్క్‌ను విడిగా కొలవడానికి ఐపెర్ఫ్3 అనే పరీక్ష ప్రోగ్రాం వాడండి, అది డిస్కును ముట్టుకోదు. అందులో 2.3 గిగాబిట్ వచ్చి కాపీ మాత్రం నెమ్మదిగా ఉంటే లోపం కేబుల్‌లో లేదు. జంబో ఫ్రేములు (పెద్ద సైజు ప్యాకెట్లు, ఎంటీయూ 9000) పెట్టాలనుకుంటే ఆ నేరు లింకుకే, రెండు చివర్లా పెట్టండి. ఒక వైపే మారిస్తే లాభం ఉండదు.