పనిముట్లు పోతే పాత ఇంగ్లండ్ పల్లెల్లో ఏం చేసేవాళ్లు?

ప్రశ్న (కావలి నుంచి)
మా నాయన వడ్రంగి. కడుతున్న ఇంట్లో పెట్టిన సంచి పోయినెల మాయమైంది. రెండు చిత్రికలు, ఉలుల కట్ట, బాడిస, రంపం అందులోనే ఉన్నాయి. స్టేషన్‌లో ముందు అడిగింది, "ఎంత చేస్తాయి?" అని. పాతవే కదాని నాయన మూడు వేలన్నాడు. అవి లేక ఒప్పుకున్న తలుపుల పని చేజారింది, ఆ నష్టం ఎక్కడా రాసుకోలేదు. నేను ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నా. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఉలి దొంగిలించినా ఏడేళ్లు ఆస్ట్రేలియాకు పంపేవాళ్లంటారు, నిజమేనా? దాంతో వడ్రంగికి ఏం ఒరిగేది?

జవాబు (ఒంగోలు, లాయర్)
నిజమేనమ్మా, చట్టంలో అంత శిక్షకూ చోటుంది. 1827 దాకా 12 పెన్నీలు దాటితే పెద్ద దొంగతనం, లోపైతే చిన్నది. నిందితుడి మీద జాలిపడి జూరీలు కావాలనే విలువ తగ్గించేవి. 1827లో ఆ తేడా తీసేశారు. ఆ తర్వాత మామూలు దొంగతనానికి ఏడేళ్ల ద్వీపాంతరవాసం, లేదంటే రెండేళ్ల లోపు జైలు.

అసలు తిప్పలు శిక్ష దాకా పోకముందే. సొత్తు పోయినవాడే కేసు నడపాలి. ఊళ్లో ఉండేది జీతం లేని కానిస్టేబుల్. విచారణ కౌంటీ (అక్కడి జిల్లా) సెషన్స్ కోర్టులో, అదీ మూణ్ణెల్లకోసారి. కోర్టు కొంత ఖర్చు ఇచ్చినా సాక్షుల్ని వెంటేసుకుని పనులు మానుకుని పోవాల్సిందే. అందుకే రైతులు, దుకాణదార్లు చందాలేసుకుని కేసులు నడిపే సంఘాలు పెట్టుకున్నారు. చందా కట్టలేని కూలివాడికి అదీ లేదు. 1855లో 5 షిల్లింగుల (60 పెన్నీల) లోపు దొంగతనాలను, నిందితుడు ఒప్పుకుంటే, స్థానిక మేజిస్ట్రేట్లే తేల్చే చట్టం వచ్చింది. ప్రతి కౌంటీకీ పోలీసులు ఉండి తీరాలన్నది 1856లో.

ఇప్పుడు మీ సంగతి. భారతీయ న్యాయ సంహిత (ఇప్పటి శిక్షాస్మృతి) 303వ సెక్షన్‌లో, అంటే దొంగతనం సెక్షన్‌లో, 5,000 రూపాయల గీత ఉంది. అంతకు లోపైతే, మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరి. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తూ చెయ్యలేరు. అక్కడ జూరీ తగ్గించింది, ఇక్కడ నాయనగారే తగ్గించుకున్నారు! ఒక్కో పనిముట్టుకు ఖరీదు విడిగా, ఉన్నదున్నట్టు రాసి మళ్లీ అర్జీ ఇవ్వండి.

జవాబు (ఉదయగిరి)
మాది చెక్క చెంచాల పని. పిడి చేతికి అలవాటు పడ్డాక కొత్త ఉలి ఏదైనా కొన్నాళ్లు ఏడిపిస్తది. దానికి ఏ సెక్షన్‌లో ఖరీదు కడతారో లాయర్ గారే చెప్పాలి. ఆ ఇంగ్లండు చిత్రికల ఫొటోలు చూసినా. యజమాని పేరు కర్ర మీద అచ్చేసి ఉంటది, చేతులు మారినవైతే రెండు మూడు పేర్లు. మేం ఇనుప చువ్వ కాల్చి పిడి మీద గుర్తేస్తాం. పాత ఇనుప సామాన్ల కొట్లు చూశారా?

ప్రశ్న అడిగినవారు
పేరు లేదన్నా. గుర్తేందని అడిగితే, "బాడిస పిడి నేను చెక్కిందే, తుమ్మకర్ర, చూస్తే నాకు తెలీదా" అంటాడు.

ఒంగోలు లాయర్
ఆ తుమ్మకర్ర మాట కూడా అర్జీలో రాయండి.