విశ్వవిద్యాలయ డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ ప్రాజెక్టుకు సిస్టమ్స్ ప్రోగ్రామర్‌ను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. ప్రయోగశాలల్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్లకు భారీ గణనలను పంచి, వాటి ఫలితాలను ఒకచోట చేర్చే వ్యవస్థను మా పరిశోధన బృందం నిర్మించింది. ఇంతవరకు కోడంతా పరిశోధక విద్యార్థులే రాశారు. రాసినవారు పట్టా అందుకుని వెళ్లిపోయాక, ఫలానా భాగం ఎందుకలా పనిచేస్తోందో చెప్పేవారు మిగలడం లేదు. ఇప్పుడు ఒక సిస్టమ్స్ ప్రోగ్రామర్‌కు రెండేళ్లపాటు జీతమివ్వడానికి నిధులు మంజూరయ్యాయి. ప్రకటనలో పీహెచ్‌డీ అడగాలా, పరిశ్రమలో అనుభవం అడగాలా? అల్గారిథమ్ ప్రశ్నలకు చక్కగా జవాబు చెప్పేవారు చాలామందే వస్తారు. అయితే, నడుస్తున్న వ్యవస్థ మధ్యలో తప్పినప్పుడు అసలు కారణాన్ని వెతికి పట్టుకోగలవారిని ఇంటర్వ్యూలో గుర్తించడం ఎలా?

మొదటి జవాబు

ఆ రెండింటిలో దేనినీ తప్పనిసరి చేయకండి. మీకు కావలసింది వైఫల్యాలతో కలిసి పనిచేసిన మనిషి, ఆ గుణం పట్టాలోనూ కనిపించదు, ఉద్యోగం చేసిన ఏళ్ల లెక్కలోనూ కనిపించదు.

మీ వ్యవస్థలోనే జరిగే ఒక సంఘటనను ముందు పెట్టండి. ఒక యంత్రం పని తీసుకుంది, కొంతసేపటికి దాని నుంచి సమాచారం ఆగిపోయింది, సమన్వయం చేసే సర్వర్ అది చనిపోయిందనుకుని అదే పనిని మరో యంత్రానికి ఇచ్చింది, ఆ తరువాత రెండు యంత్రాలూ ఫలితం పంపాయి. ఇప్పుడేం చేయాలి? ‘టైమ్‌అవుట్ (జవాబు కోసం ఆగే గడువు) పెంచుదాం’ అని ఊరుకునేవారికి ఈ పని ఇంకా తెలియదు. చనిపోయిన యంత్రాన్నీ, ఆలస్యంగా స్పందిస్తున్న యంత్రాన్నీ నెట్‌వర్క్‌కు ఇవతల నుంచి వేరుచేసి చూడలేమని గ్రహించి, ఒకే ఫలితం రెండుసార్లు వచ్చినా హాని జరగకుండా నమోదు చేసే పద్ధతి గురించి మాట్లాడేవారు మీకు కావాలి.

తరువాత మూడు యంత్రాల లాగ్‌లు (జరిగినవాటిని సమయంతో సహా నమోదు చేసిన ఫైళ్లు) ఇచ్చి, ఏది ముందు జరిగిందో చెప్పమనండి. వాటిలో ఒకదాని గడియారం కాస్త వెనుకబడి ఉండేలా చూడండి. వేర్వేరు యంత్రాల గడియారాలను నమ్మి సంఘటనల వరుస తేల్చలేమని, పంపిన సందేశానికీ అందుకున్న సందేశానికీ ఉన్న కార్యకారణ సంబంధమే ఆధారమని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే వివరించారు. ఆయన పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఆ అనుమానం తనంతట తానే రావాలి. ఫైల్‌లో రాసిన సమాచారం డిస్క్‌కు నిజంగా చేరిందని ఎప్పుడు చెప్పగలమో కూడా అడగండి. రాయమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను కోరే రైట్ కాల్ సఫలమైనంత మాత్రాన చేరినట్లు కాదని, రాసినదాన్ని డిస్క్‌కు చేర్చమని కోరే ఎఫ్‌సింక్ కూడా విఫలం కావచ్చని చెప్పేవారు దొరికితే వదులుకోకండి.

రెండవ జవాబు

ఎంపిక సంగతి పైవారు చెప్పారు. నా ఆందోళన ఆ వ్యక్తికి మీరిచ్చే స్థానం గురించి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1980లలో మొదలైన కాండర్, అంటే మీలాగే ఖాళీ కంప్యూటర్లకు పనులు పంచే సాఫ్ట్‌వేర్, హెచ్‌టీకాండర్ అనే పేరుతో నేటికీ వాడుకలో ఉంది. అక్కడ విద్యార్థులతోపాటు పూర్తికాల ప్రోగ్రామర్లు కూడా ఆ కోడ్ బాధ్యతను మోస్తూ వచ్చారు. ఆ బాధ్యత అప్పగించకుండా, విద్యార్థులు రాసినదాన్ని సరిచేసే సహాయకుడిగానే చూస్తే సమర్థులు నిలవరు. ఏ మార్పు చేరాలో, ఏది ఆగాలో నిర్ణయించే అధికారం రాతపూర్వకంగా ఇవ్వండి. వారి పని మీద ఆధారపడిన పరిశోధన పత్రాల్లో రచయితగా పేరు చేర్చండి. రెండేళ్ల తరువాత నిధులు వస్తాయో రావో ప్రకటనలోనే స్పష్టంగా చెప్పడం న్యాయం.

మూడవ జవాబు

భద్రత గురించి ఒక ప్రశ్న తప్పక అడగండి. మీ కోడ్ నడిచేది ఇతరుల యంత్రాల మీద కాబట్టి, సర్వర్ ఒక్కటి దుర్మార్గుల చేతికి చిక్కితే అన్ని యంత్రాలూ చిక్కినట్లే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో, గ్రహాంతర జీవుల సంకేతాలను వాలంటీర్ల కంప్యూటర్లతో వెతికిన సెటీ ఎట్ హోమ్ అనుభవం నుంచి పుట్టిన బోయింక్ అనే సాఫ్ట్‌వేర్‌లో, పంపే ప్రోగ్రామ్‌లకు అవి అసలువేనని రుజువు చేసే డిజిటల్ సంతకం ఉంటుంది, ఆ సంతకపు రహస్య కీని నెట్‌వర్క్‌కు తగిలించని యంత్రంలో ఉంచమని సూచిస్తారు. ఒకే పనిని ఒకటికి మించి కంప్యూటర్లకు ఇచ్చి ఫలితాలను సరిపోల్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. ప్రాసెసర్ మారితే దశాంశ గణనల చివరి అంకెలు మారవచ్చు కనుక, ఆ పోలిక ఎలా చేయాలన్నది కూడా మంచి ఇంటర్వ్యూ ప్రశ్నే.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. పీహెచ్‌డీ నిబంధన తీసివేస్తున్నాం. లాగ్‌ల పరీక్షకు మా వ్యవస్థలో నిజంగా వచ్చిన ఒక వైఫల్యాన్నే వాడవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు

వాడండి, కానీ మీరు కారణం కనుగొన్నదాన్నే ఎంచుకోండి. లేకపోతే జవాబును తూచలేరు. అభ్యర్థి అడిగే వివరాలను అందించడానికి ఆ కోడ్ తెలిసిన విద్యార్థి ఒకరిని పక్కన కూర్చోబెట్టండి. రేపు కలిసి పనిచేయవలసింది వారిద్దరే కాబట్టి, తరువాత ఆ విద్యార్థి అభిప్రాయం కూడా అడగండి.