మెడికల్ ఇంటర్‌ప్రెటర్ శిక్షణ: నోట్స్ దగ్గర తడబాటు

ప్రశ్న: డాక్టర్ మాట రోగికి, రోగి మాట డాక్టర్‌కు అనువదించి చెప్పే మెడికల్ ఇంటర్‌ప్రెటర్ పని కోసం అమెరికాలో 40 గంటల కోర్సు చేస్తున్నాను. డాక్టర్ నాలుగు వాక్యాలు ఒకేసారి చెబితే మోతాదులు జారిపోతున్నాయి. ఇంట్లో సాధన ఎలా? తెలుగువాళ్లు ఏ పరీక్ష రాయాలి?

జవాబు 1: అన్నీ రాయబోతే వినడం ఆగిపోతుంది, చిక్కంతా అక్కడే. అంకెలు, మందుల పేర్లు, తేదీలు, ఎలర్జీలు రాస్తే చాలు. ఒక్కో విషయం కొత్త లైన్లో, మెట్లలా కిందికి దిగాలి: "మెట్ 500" (మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా.), దాని కింద "రోజుకు 2", దాని కింద "తిన్నాక". మాట మారగానే అడ్డగీత కొట్టండి. ఆడియో 20 సెకన్లతో మొదలుపెట్టి పెంచండి, మీ గొంతు రికార్డు చేసి అసలుతో పోల్చండి. ఫిఫ్టీనో ఫిఫ్టీయో తేలకపోతే ఊహించొద్దు, డాక్టర్నే అడగండి. ఏం అడుగుతున్నారో రోగికీ చెప్పాలి. ఇది చాలామంది మర్చిపోతారు. చివర్లో కాగితం చింపేయండి, ఇంటికి తేకూడదు.

జవాబు 2: మెడికల్ ఇంటర్‌ప్రెటర్లకు సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ సీసీహెచ్ఐ. వారి కోర్‌సీహెచ్ఐ అనే రాతపరీక్ష ఏ భాషవాళ్లైనా రాయొచ్చు. ప్రశ్నలు ఇంగ్లీషులోనే. నైతిక నియమాల మీద ప్రశ్నలుంటాయి, పదజాలం ఒక్కటే బట్టీ పడితే గట్టెక్కలేరు.

జవాబు 3: మనవాళ్లకు "ఆయనకు ఛాతీలో నొప్పట" అనడం అలవాటు. రోగి "నాకు నొప్పి" అంటే మీరూ "నాకు" అనే చెప్పాలి. లేకపోతే డాక్టరూ రోగీ ఇద్దరూ మీతోనే మాట్లాడటం మొదలెడతారు. రోగి పక్కన, ఒక అడుగు వెనక్కి కూర్చోండి.

ప్రశ్న వేసినవారు: మెట్ల పద్ధతి రేపటి రోల్‌ప్లేలో ప్రయత్నిస్తాను. థాంక్సండీ.