అప్‌డేట్: మా ముసలి ల్యాబ్రడార్ గొంతు ఎందుకు మారిందో తేలింది

పన్నెండేళ్ల మా బ్రూనో మొరుగుడు బొంగురుపోయింది, ఎండలో నాలుగడుగులేస్తే రంపం కోసినట్టు శ్వాస, నీళ్లు తాగితే దగ్గు అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "వెనక కాళ్లు కూడా ఈడుస్తున్నాడేమో చూడండి" అన్నవారికి మరీను. ఆ తీగ లాగితేనే డొంక కదిలింది. చూస్తే వెనక పాదాల్లో నడిమి వేళ్ల గోళ్లు సిమెంటు రోడ్డుకి రాసుకుని మొద్దుబారిపోయి ఉన్నాయి.

గన్నవరం వెటర్నరీ కాలేజీలో కొద్దిగా మత్తిచ్చి గొంతులోకి లైటు వేసి చూశారు. గాలి పీల్చినప్పుడు స్వరపేటికలో రెండు పక్కలా ఉండే మృదులాస్థులు విచ్చుకోవాలి. వీడికి కదలడమే లేదు. లారింజియల్ పెరాలిసిస్, అంటే స్వరపేటిక పక్షవాతం. వయసు మళ్లిన ల్యాబ్‌లలో తరచూ వచ్చేదేనట. నరాలు మెల్లగా దెబ్బతింటాయి కాబట్టి గొంతూ వెనక కాళ్లూ కలిసే బలహీనపడతాయి.

కెన్నెల్ కాఫ్ (కుక్కలకి అంటుకునే దగ్గు) కాదు, ఎముక ఇరుక్కోలేదు, గుండె బాగుంది, థైరాయిడ్ నార్మల్. తేనె, పసుపుతో ఒరిగిందేమీ లేదు (తేనె మాత్రం ఇష్టంగా నాకాడు).

ఆపరేషన్ ఉంది, స్వరపేటికలో ఒక పక్క మృదులాస్థి తెరుచుకునే ఉండేలా కుట్టేస్తారు. తర్వాత తిండీ నీళ్లూ ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం జీవితాంతం ఉంటుందన్నారు. అందుకే ప్రస్తుతానికి వద్దనుకున్నాం. మెడ పట్టీ తీసేసి ఛాతీకి హార్నెస్ వేశాం, బరువు తగ్గిస్తున్నాం, వాకింగ్ తెల్లారకముందే. బెజవాడ ఎండ సంగతి తెలిసిందేగా. నాలుక, చిగుళ్లు నీలంగా మారితే మాత్రం అర్ధరాత్రైనా సరే, ఆలోచించకుండా తీసుకురమ్మన్నారు.