బీడీ-ఆర్ డిస్కులు: 25 జీబీవి నమ్మకమా, 100 జీబీవా?

తాళపత్రం:
పాత పుస్తకాల స్కాన్లు 400 జీబీ దాకా ఉన్నాయండి. బ్లూ-రే డిస్కుల్లో (ఒక్కసారే రాయగల బీడీ-ఆర్ రకం) బర్న్ చేసి దాచాలి. ఊరు విశాఖ, తేమ ఎక్కువ. ఏవి కొంటే ఎక్కువ కాలం నిలుస్తాయి? వెయ్యేళ్లు అంటున్న ఎం-డిస్క్‌కి అంత డబ్బు పెట్టాలా?

నీలికిరణం:
సైజు సంగతి తర్వాత, ముందు రికార్డింగ్ పొర దేనితో చేశారో చూడండి. డబ్బా మీద 'ఎల్‌టీహెచ్' అని ఉంటే వద్దు. అందులో సీడీ-ఆర్‌లో లాగా ఆర్గానిక్ డై (రసాయన రంగు) ఉంటుంది. ఎండ, వేడి తగిలితే పాడవుతుంది. హెచ్‌టీఎల్ అనే రెండో రకం డిస్కుల్లో ఉండేది డై లేని అకర్బన పొర. కొన్నింట్లో రాగి, సిలికాన్ పొరలు లేజర్ వేడికి కలిసిపోయి గుర్తు పడుతుంది, ఇక విడిపోవు.

డీవీడీల్లో ఎం-డిస్క్ తేడా పెద్దదే, ఎందుకంటే మామూలు డీవీడీ-ఆర్ అంతా డైయే. బ్లూ-రేలో మామూలు హెచ్‌టీఎల్‌కీ డై లేదు కాబట్టి ఆ తేడా బాగా తగ్గిపోతుంది. వెయ్యేళ్ల లెక్క కూడా డిస్కుని వేడిలో, తేమలో పెట్టి వేసిన అంచనాయే.

25 జీబీవే తీసుకోండి. 100 జీబీ వాటిలో మూడు పొరలు, పాత డ్రైవులు చదవవు. పైగా ఒక్కటి పోతే 100 జీబీ పోయినట్టే.

గీతలు_వద్దు:
బ్లూ-రేలో డేటా మీద ఉండే కవచం 0.1 మి.మీ. మాత్రమే, డీవీడీలో 0.6. పైన గట్టి పూత ఉన్నా, లోతుగా గీత పడితే పాలిష్ చేసి బాగుచేయడం కుదరదు. స్టిక్కర్లు అంటించకండి. విడివిడి కేసుల్లో నిలువుగా పెట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. రంగు మారగానే జెల్ మార్చండి. 25 డిగ్రీల లోపు, తేమ 50 శాతం లోపు ఉంటే మంచిది.

4ఎక్స్ వేగంలో బర్న్ చేసి, వెరిఫై మాత్రం వేరే డ్రైవులో చేయండి. అంచు దగ్గర బర్న్ అయినది వేరే డ్రైవు చదవలేకపోవడం మామూలే.

డిస్కుకి 20 జీబీ డేటా, 4 జీబీ పార్2 ఫైళ్లు (పాడైన డేటాని బాగుచేసే అదనపు ఫైళ్లు). అంటే 20 డిస్కులు, రెండు సెట్లకి 40.

నీలికిరణం:
పార్2తో ఒక చిక్కు ఉంది. ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక) ఉన్న చోటే దెబ్బతింటే ఫైళ్లే కనిపించవు, ఇక పార్2 దేన్ని బాగుచేస్తుంది? దాని బదులు ఐఎస్ఓ (డిస్కు మొత్తానికి ఒకే ఇమేజ్ ఫైలు) తయారుచేసి, డీవీడిజాస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఎస్03 అనే దిద్దుబాటు డేటా జతచేసి, ఆ ఇమేజ్‌నే బర్న్ చేయండి. మిగిలిన ఖాళీని అదే నింపుకుంటుంది, ఫైల్ సిస్టమ్‌కీ రక్షణ ఉంటుంది.

సోనీ 2025 ఫిబ్రవరిలో ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. డిస్కులతో పాటు వాటిని చదివే యూఎస్‌బీ బ్లూ-రే డ్రైవ్ ఒకటి అదనంగా కొని పెట్టుకోండి.